కాల్షియం సీసాకు మూత పెట్టండి

పెంపుడు నేస్తం: పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుడి జవాబులు

పెద్ద జాతి కుక్కపిల్లల తిండి గురించి వచ్చిన ఉత్తరాలను కొంతకాలంగా ఒక పక్కన పోగుచేస్తూ వచ్చాను. ఈ నెల వాటికే కేటాయిస్తున్నాను. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్, గ్రేట్ డేన్ వంటివి, అంటే పెరిగాక పాతిక ముప్పై కిలోలు దాటే జాతులన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. ఉత్తరాలు ఎక్కడి నుంచి వచ్చినా అందరి ఆత్రమూ ఒకటే. పిల్ల త్వరగా పెద్దదైపోవాలి, వీధిలో నలుగురూ ఆగి చూడాలి. నేను చెప్పేది దానికి సరిగ్గా ఎదురు. దాన్ని నెమ్మదిగా పెరగనివ్వండి. ఎంత ఎత్తు ఎదగాలో తల్లిదండ్రుల నుంచి రాసిపెట్టుకునే వచ్చింది. మీరు రెట్టింపు పెట్టినా ఆ ఎత్తు పెరగదు, అక్కడికి చేరే వేగం మాత్రం పెరుగుతుంది. ఆ వేగాన్ని మోయలేక చెడేవి దాని కీళ్లు.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఇంట్లో మూడు నెలల మగ లాబ్రడార్ పిల్ల ఉంది. బరువు 11 కిలోలు. మాకు అమ్మినాయన ఒక కాగితం మీద అన్నీ రాసి ఇచ్చారు. పెద్ద జాతి పిల్లల ప్యాకెట్ ఆహారం, ఉదయం సాయంత్రం కాల్షియం సిరప్, అర లీటరు పాలు, రాగి జావ, రోజుకో చెంచా గుడ్డు పెంకుల పొడి. ఒక్కటీ మానకుండా పెడుతున్నాం. అయినా ముందుకాళ్ల పాదాలు చదునుగా పరుచుకుపోతున్నాయి. నిలబడితే పాదం పైన ఉన్న కీలు కిందికి కుంగుతోంది. కాల్షియం చాలడం లేదేమోనని అనుమానం. మోతాదు పెంచమంటారా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: పెంచవద్దమ్మా. సిరప్పూ పెంకుల పొడీ ఈ రోజే ఆపేయండి. రేపటి దాకా కూడా ఆగనక్కర్లేదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. మీ ప్యాకెట్ మీద కాల్షియం 1.2 శాతం అని ఉందనుకోండి. పిల్ల రోజుకు 300 గ్రాములు తింటే 3.6 గ్రాముల కాల్షియం అందుతుంది. ఎదిగే పిల్ల అవసరాన్ని చూసుకునే ఆ పాళ్లు కలుపుతారు. అక్కడితో దాని పని పూర్తయింది. గుడ్డు పెంకులో ఉండేది దాదాపు మొత్తం కాల్షియం కార్బొనేటే. ఒక చెంచా పొడిలో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. అర లీటరు ఆవుపాలలో మరో 0.6 గ్రాము. జావలో 50 గ్రాముల రాగిపిండి వాడితే ఇంకో 0.18 గ్రాము. సిరప్ సంగతి ఇంకా ఎత్తనేలేదు, అప్పుడే 6 గ్రాములు దాటిపోయాం.

ఎక్కువైంది బయటికి పోతుంది కదా అంటారు చాలామంది. పెద్ద కుక్క విషయంలో ఆ మాట కొంత నిజం. ఒంటికి కావలసినంత పీల్చుకుని మిగతాది పేగు వదిలేస్తుంది. చిన్న పిల్లకు, ముఖ్యంగా ఆరు నెలల లోపు దానికి, ఆ అదుపు ఇంకా రాలేదు. గిన్నెలో ఎంత వేస్తే అందులో పెద్ద వాటా పేగు గుండా రక్తంలోకి వెళ్లిపోతుంది. రక్తంలో కాల్షియం పెరిగేసరికి దాన్ని తగ్గించే హార్మోన్లు పైకి లేస్తాయి. అవి ఎముకలో జరుగుతున్న మరమ్మతు పనిని మందగింపజేస్తాయి.

పెరిగే ఎముక చివర మృదులాస్థి ఉంటుంది. అది రోజురోజుకూ గట్టి ఎముకగా మారుతూ పోవాలి. ఆ మార్పు తడబడితే మృదులాస్థి మందంగా మిగిలిపోతుంది. లోపలి పొరకు పోషణ అందదు, పగులు వస్తుంది, ఒక్కోసారి ఒక పలుకు ఊడి కీలులో తిరుగుతుంది. భుజంలో, మోచేతిలో, మోకాలిలో ఇది ఎక్కువగా చూస్తాం. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం వారు గ్రేట్ డేన్ పిల్లల మీద చేసిన పరిశోధన ఒకటి 1985లో వెలువడింది. కొన్ని పిల్లలకు 1.1 శాతం కాల్షియం ఉన్న ఆహారం, మరికొన్నిటికి దానికి మూడింతలు, అంటే 3.3 శాతం పెట్టి పెంచారు. ఎముకల ఎదుగుదల దెబ్బతిన్నది ఎక్కువ కాల్షియం తిన్నవాటిలో. పశువైద్య విద్యార్థులందరూ చదువుకునే సంగతే ఇది. మన దగ్గర కుక్కపిల్లతో పాటు సిరప్ సీసా అంటగట్టే ఆచారాన్ని మాత్రం కదిలించలేకపోయింది.

ఇక పాదాల సంగతి. మీ ఇంట్లో గచ్చు ఏమిటో రాయలేదు. గ్రానైట్ గానీ నున్నటి టైల్స్ గానీ అయి ఉంటాయని నా ఊహ. వేగంగా బరువెక్కుతున్న పిల్ల రోజంతా జారే నేల మీద నిలదొక్కుకోవాలంటే పాదం పరుచుకోక ఏం చేస్తుంది? కండరాలూ కీళ్ల చుట్టూ ఉన్న పట్టీలూ ఇంకా లేతవి. అది తిరిగే చోట గోనెపట్టాలో, కొబ్బరి పీచు చాపలో పరవండి. గోళ్లు నేలకు టకటకమని తగులుతుంటే కత్తిరించండి. రోజూ కాసేపు మట్టిలో, గడ్డిలో దాన్నే తిరగనివ్వండి. తాడు కట్టి పరుగెత్తించవద్దు, మెట్లు ఎక్కించి దించవద్దు. చాలా పిల్లలకు ఇంతమాత్రంతోనే కొన్ని వారాల్లో పాదాలు బిగుస్తాయి. కాలు పక్కకు తిరుగుతున్నట్టు కనిపించినా, కుంటినా, రెండు వారాలు గడిచినా ఏ మార్పూ లేకపోయినా ఎక్స్‌రే తీయించాలి.

పాలు క్రమంగా మాన్పించండి. తల్లిపాలు మానిన పిల్లలకు పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి తగ్గిపోతుంది. మలం పలచబడితే కారణం తరచుగా ఆ పాలే. రాగి జావ మీద నాకు కోపం లేదు. ఇష్టంగా నాకుతుంటే ఒకటి రెండు చెంచాలు పెట్టండి. దాన్ని మందుగా మాత్రం లెక్కవేయవద్దు.

ప్యాకెట్ ఆహారాన్ని గ్లాసుతో కొలవకుండా వంటింటి తూకం మీద తూచి పెట్టండి. ఒకే గ్లాసు మీ చేతిలో ఒకలా, పిల్లల చేతిలో ఒకలా నిండుతుంది. నెల తిరిగేసరికి ఆ తేడా చిన్నదేమీ కాదు.

ప్రశ్న: మా రాట్‌వీలర్ పిల్లకు నాలుగు నెలలు. కుక్క మాంసాహారి కదా అని తెచ్చిన నాటి నుంచి ఎముకలు లేని చికెన్, కార్జం ఉడికించి పెడుతున్నాం. అన్నం అలవాటు చేయలేదు. నెల రోజులుగా పరుగు మానేసింది, ఎత్తుకుంటే అరుస్తోంది. నిన్న మంచం మీద నుంచి దూకి వెనుక కాలు నేలకు ఆనించడం లేదు. బలం రావాలని రోజూ పొద్దుటి ఎండలో కట్టేస్తున్నాం. ఇంకా ఏం పెట్టాలి? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికే మీరు దాన్ని డాక్టరుకు చూపించి ఉంటారని ఆశ. లేకపోతే ఇప్పుడే తీసుకువెళ్లండి. చేతుల్లో వేలాడేలా ఎత్తుకోవద్దు. ఒక చెక్క మీదో, గట్టి అట్ట మీదో పడుకోబెట్టి తీసుకువెళ్లండి. ఎక్స్‌రేలో ఎముక విరిగి కనిపించే అవకాశం గట్టిగా ఉంది.

పై ఉత్తరానికి కాల్షియం ఆపమన్నాను. మీ పిల్లకు వచ్చిన కష్టం కాల్షియం లేకపోవడం వల్ల. ఎముక లేని వంద గ్రాముల కోడిమాంసంలో కాల్షియం పది పదిహేను మిల్లీగ్రాములకు మించదు, భాస్వరం మాత్రం రెండు వందల దాకా ఉంటుంది. ఈ రెండూ దాదాపు సమానంగా, కాల్షియం కాస్త మొగ్గుగా ఉంటేనే ఎముక కడుతుంది. కార్జంలో ఆ పొంతన ఇంకా అధ్వానం. పైగా దాన్నే రోజూ పెడితే విటమిన్ ఎ మితిమీరుతుంది. రక్తంలో కాల్షియం పడిపోతే గుండె, కండరాలు ఆగిపోతాయి గనుక ఒళ్లు దాన్ని పడిపోనివ్వదు. గొంతు దగ్గరున్న పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకలలోంచి కాల్షియాన్ని తోడి రక్తానికి పంపుతాయి. మీ పిల్ల నెల రోజులుగా తన ఎముకలను తానే కరిగించుకుని బతుకుతోంది. చివరికి ఎముక పైపొర కాగితంలా పలచబడి, మంచం ఎత్తు నుంచి దూకినా విరుగుతుంది.

కుక్క మాంసాహారి అన్న మాటలో కొంత నిజం ఉంది. తోడేలు వేటాడితే ఎముకలు కొరుకుతుంది, పేగులు, రక్తం, కార్జం, చర్మం అన్నీ తింటుంది. షాపులో శుభ్రం చేయించి తెచ్చిన బోన్‌లెస్ దానికి దొరకదు.

ఎండ విషయం. మన పిల్లలకు ఎండ తగిలితే చర్మంలో విటమిన్ డి తయారవుతుంది. కుక్కకు ఆ సౌకర్యం లేదు. దాని చర్మంలో అందుకు కావలసిన ముడిసరుకు చాలినంత ఉండదు. విటమిన్ డి దానికి తిండి ద్వారానే రావాలి. ఎండలో కట్టేస్తే దప్పికే మిగులుతుంది. అలాగని విటమిన్ డి చుక్కలు మీ అంతట మీరు వేయవద్దు. అది మితిమీరితే విషం.

వైద్యం కన్నా ముందు కావలసింది విశ్రాంతి. చిన్న గదిలోనో బోనులోనో మెత్తటి పక్క వేసి, కదలికను తగ్గించాలి. ఆహారాన్ని పెద్ద జాతి పిల్లలకు చేసిన సంపూర్ణ ఆహారానికి మార్చాలి. ముందుగా ఇంజెక్షన్లు పొడిపించమని డాక్టరును ఒత్తిడి చేయకండి. తిండి సరిపడితే ఎముక తనంతట తానే కట్టుకోవడం మొదలుపెడుతుంది, వారాల్లోనే ఎక్స్‌రేలో తేడా తెలుస్తుంది. తుంటి ఎముక ఒక్కసారి వంగి ఇరుకైపోతే మాత్రం మలవిసర్జన జీవితాంతం కష్టమవుతుంది. అందుకే ఆలస్యం వద్దంటున్నాను.

ప్రశ్న: జర్మన్ షెపర్డ్ పిల్ల కోసం షాపుకు వెళితే తల తిరిగింది. ఒక సంచి మీద ప్రోటీన్ 32 శాతం, మరోదాని మీద 24. ఒకటి అన్ని వయసుల కుక్కలకూ అంటుంది, ఒకటి ధాన్యం లేనిది అంటుంది. షాపు ఆయన ప్రోటీన్ ఎక్కువున్నది కొనమంటున్నాడు. మా బాబాయి ప్రోటీన్ ఎక్కువైతే కాళ్లు వంకరపోతాయంటున్నాడు. సంచి మీద అసలు ఏం చదవాలి? – ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ముందు వైపు ఉన్న కుక్క బొమ్మనూ, పెద్ద అక్షరాలనూ వదిలేసి సంచిని తిప్పు బాబూ. వెనుక సన్నటి అక్షరాల్లో ఉన్నదే నీకు పనికొచ్చేది.

మొదట ఈ ఆహారం ఎవరికని రాశారో చూడు. అమెరికాలో పశువుల మేతకూ పెంపుడు జంతువుల ఆహారానికీ ప్రమాణాలు రూపొందించే ఆఫ్కో (AAFCO) అనే సంఘం ఉంది. మన షాపుల్లోని చాలా సంచుల మీద దాని పేరు కనిపిస్తుంది. దాని లెక్కలో పెరిగాక 70 పౌండ్లు, అంటే సుమారు 32 కిలోలు అంతకు మించి తూగే కుక్కలు పెద్దవి. ఎదుగుదలకు, పెద్ద కుక్కల ఎదుగుదలతో సహా సరిపోతుందని సంచి మీద స్పష్టంగా ఉంటే మంచిది. పెద్ద కుక్కల ఎదుగుదలకు తప్ప అని ఉంటే అక్కడే పెట్టేసి వచ్చేయి. అన్ని వయసులకూ అన్న మాట ఒక్కటే ఉంటే సరిపోదు. ఆ పక్కన పెద్ద కుక్కల గురించి ఏం రాశారో చదవాలి.

తరువాత కాల్షియం. ఎదిగే పిల్లల ఆహారంలో తేమ తీసేసి చూస్తే కనీసం 1.2 శాతం ఉండాలని ఆఫ్కో నియమం. మామూలు పిల్లలకు 2.5 శాతం దాకా ఒప్పుకుంటారు. పెద్ద జాతికి 1.8 దాటకూడదు. ఈ చిన్న తేడా కోసమే నిన్ను సంచి తిప్పమన్నది. కాల్షియం, భాస్వరం నిష్పత్తి ఒకటికి ఒకటి నుంచి రెండుకు ఒకటి లోపల ఉండాలి. తేమ తీసేసి చూడడం కష్టమేమీ కాదు. పొడి ఆహారంలో తేమ 10 శాతం, కాల్షియం 1.35 శాతం అని ఉంటే, 1.35ను 0.9తో భాగించు, 1.5 వస్తుంది. ఒక చిక్కుంది. చాలా సంచుల మీద కాల్షియం కనీసం ఇంత అని వేస్తారు గానీ గరిష్ఠంగా ఎంతో వేయరు. మనకు కావలసింది ఆ రెండో అంకె. సంచి మీద ఉన్న చిరునామాకు రాసి అడుగు. సూటిగా అంకె చెప్పే కంపెనీ సరుకు కొను. మాటలతో దాటవేస్తే మరొకటి చూసుకో.

మీ బాబాయి మాట ఒకప్పుడు మా పశువైద్యులూ అన్నదే. గ్రేట్ డేన్ పిల్లల మీద పరీక్షించి చూశాక ప్రోటీన్ మీద ఆ నింద నిలబడలేదు. కాళ్లను చెడగొట్టేవి మితిమీరిన కాల్షియం, అవసరానికి మించిన మొత్తం శక్తి. తేమ తీసిన లెక్కలో కనీసం 22.5 శాతం ప్రోటీన్ ఉండాలి గనుక నీ 24 శాతం సంచి తేమతో కలిపి చూసినా గట్టెక్కుతుంది. షాపు ఆయన 32 శాతం సంచిలో సాధారణంగా కొవ్వు కూడా ఎక్కువ. అంటే అదే గిన్నెడు తిండిలో ఎక్కువ శక్తి. ఆకలితో ఉండే పిల్లకు గిన్నె నింపే అలవాటు మనది కాబట్టి నేనైతే తక్కువ కొవ్వున్న సంచే తీసుకుంటాను.

ధాన్యం లేని ఆహారం గొప్పదన్నది ప్రచారం. కుక్కకు ఉడికిన బియ్యం, మొక్కజొన్న బాగానే అరుగుతాయి. బియ్యం తీసేసి బఠాణీ, శనగ, పప్పులు దండిగా కలిపిన ఆహారాలకూ కుక్కల గుండె జబ్బుకూ సంబంధం ఉందా అని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018లో ఆరా మొదలుపెట్టింది. అది ఇదమిత్థంగా తేలలేదు. తేలని దానికి ఎక్కువ డబ్బు పెట్టడం దేనికి?

ప్రశ్న: మా జర్మన్ షెపర్డ్ మగపిల్లకు ఏడు నెలలు, 24 కిలోలు. దీని తోబుట్టువు మా ఆడపడుచు గారింట్లో ఉంది, 31 కిలోలు. మీ కుక్కకు తిండి పెట్టడం లేదా అని వాళ్లు నవ్వుతున్నారు. మా అత్తయ్య గారైతే ఊళ్లో పరువు పోతోందని రాత్రిపూట నాకు తెలియకుండా నెయ్యి అన్నం పెడుతున్నారు. కుక్క హుషారుగానే ఉంది. నేను తక్కువ పెడుతున్నానా? – ఒక కోడలు, గుంటూరు

జవాబు: ఈ ఉత్తరం చదివి హాయిగా నవ్వుకున్నాను. మీ అత్తగారి మనసు మంచిదేనమ్మా, నెయ్యి అన్నం మాత్రం ఆపించండి.

తూకం చూసి చెప్పడం కన్నా చేత్తో తడిమి చెప్పడం నమ్మకం. కుక్కను నిలబెట్టి దాని వెనుక నుంచి రెండు అరచేతులూ పక్కటెముకల మీద పెట్టండి, బొటనవేళ్లు వెన్ను మీద ఉండాలి. నొక్కకుండా వేళ్లు ముందుకూ వెనక్కూ జరపండి. ఇప్పుడు మీ ఎడమ చేయి చాచి, అరచేయి నేలవైపు ఉంచి, పైన వేళ్ల వెనుక ఎముకల మీద కుడిచేతి వేళ్లు పోనివ్వండి. పక్కటెముకలు అచ్చం అలాగే తగలాలి. పిడికిలి బిగించినప్పటి కణుపుల్లా పొడుచుకు వస్తే కుక్క బక్కది. అరచేతి కండ తడిమినట్టు ఏమీ తెలియకపోతే బరువెక్కింది. పైనుంచి చూస్తే నడుము దగ్గర లోపలికి నొక్కు కనిపించాలి, పక్కనుంచి చూస్తే పొట్ట వెనక్కి పోయేకొద్దీ పైకి లేవాలి. పశువైద్యులు తొమ్మిది మెట్ల కొలత వాడతాం. అందులో ఎదిగే పెద్ద జాతి పిల్ల నాలుగు, ఐదు దగ్గర ఉండాలి. ఏడు నెలలకు 24 కిలోలు ఆ జాతికి కంగారుపడాల్సిన బరువేమీ కాదు.

మీ రెండు ఇళ్లలో జరుగుతున్నదాన్నే అమెరికాలో ఒక పెంపుడు జంతువుల ఆహార కంపెనీ, ప్యురినా, 48 లాబ్రడార్లతో పద్నాలుగేళ్లు నడిపింది. ఒకే ఈతలో పుట్టినవాటిని జంటలుగా విడదీసి, జంటలో ఒకటి తిన్నదాంట్లో రెండోదానికి పావు వంతు తగ్గించి పెట్టారు. ఆహారం ఒకటే, కొలతే తేడా. ఫలితాలు 2002లో ప్రచురించారు. తక్కువ తిన్న గుంపు మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్లు, ఎక్కువ తిన్న గుంపుది 11.2 ఏళ్లు. తుంటి కీలు వదులవడం, కీళ్ల అరుగుదల కూడా సన్నగా పెరిగినవాటిలో తక్కువ, వచ్చినా ఆలస్యంగా వచ్చాయి. జర్మన్ షెపర్డ్‌కు తుంటి కీలే బలహీనత. మీ ఆడపడుచు గారి పిల్ల మోస్తున్న ఆ ఏడు కిలోల తేడా ఆ కీలు మీదే పడుతోంది. ఈ కాగితం వాళ్లకు కూడా చూపించండి, నా పేరు చెప్పి తిట్టుకున్నా పరవాలేదు.

మీ అత్తయ్య గారికి ఏదో ఒకటి పెట్టాలని ఉంటుంది. ఉడికించిన క్యారట్ ముక్కలు, దోసకాయ ముక్కలు ఆవిడ చేతికి ఇవ్వండి. రోజు మొత్తం శక్తిలో పదోవంతు దాటకుండా ఇలాంటివి ఏవి పెట్టినా తిండి పాళ్లు చెడవు.

ప్రశ్న: మేము గుడ్డు కూడా ముట్టని వాళ్లం. అబ్బాయి పట్టుపట్టి రెండు నెలల గోల్డెన్ రిట్రీవర్‌ను తెచ్చాడు. పెరుగన్నం, పప్పు, ఉడికించిన కూరగాయలతో పెంచవచ్చా? ప్యాకెట్ ఆహారం ఖరీదు కూడా భారంగానే ఉంది. సగం అది, సగం అన్నం పెడితే? – ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: పెరుగన్నం మీద వీధి కుక్కలు బతుకుతున్నాయి కదా అని మీరు అడగలేదు గానీ మరొకరు తప్పక అడుగుతారు. అవి సాధారణంగా ఇంత బరువు పెరగవు, పైగా దొరికినదల్లా తింటాయి. మీ పిల్ల రెండు నెలల వయసులోని ఐదారు కిలోల నుంచి ఏడాదిన్నరలో ముప్పై దాకా పోవాలి. అన్నం, పెరుగు, పప్పు పెడితే పొట్ట నిండుతుంది. ప్రోటీన్ తగ్గుతుంది, జింకు, రాగి (కాపర్) లాంటి ఖనిజాలు చాలవు. పప్పుల్లో, ధాన్యాల్లో ఉండే ఫైటేట్ ఉన్న కాస్త ఖనిజాలనూ పట్టి ఉంచుతుంది.

ఎదుగుదల పూర్తయిన కుక్కను శాకాహారం మీద జాగ్రత్తగా పోషించడం సాధ్యమే. ఎదిగే పెద్ద జాతి పిల్లను ఇంటి శాకాహారం మీద పెంచడం మాత్రం నేను ఎవరికీ సిఫారసు చేయను. మీరు చేతితో మాంసం ముట్టనక్కర్లేకుండా పొడి గుళికల ప్యాకెట్ ఒక్కటి ఇంట్లోకి రానిస్తే ఏడాదిన్నర గండం గడుస్తుంది. అదీ కుదరదంటే, ఎదుగుదలకు సరిపోతుందని రాసి ఉన్న శాకాహార ప్యాకెట్ కోసం వెదకండి. ఆ మాట లేకపోతే వద్దు.

సగం సగం పెడితే ఖనిజాల పాళ్లు కూడా సగమే అందుతాయి. సంపూర్ణ ఆహారం తొమ్మిది వంతులు, ఇంటి తిండి ఒక వంతు. ఇంతకు మించి కలిపితే మీరు డబ్బు పెట్టి కొన్న లెక్క చెడిపోతుంది. ఖరీదు సంగతి కప్పిపుచ్చను. ఎదిగే రోజుల్లో రోజుకు 300, 400 గ్రాములు అంటే నెలకు 9 నుంచి 12 కిలోలు. గ్రేట్ డేన్ అయితే దానికి ఎంతో ఎక్కువ. కుక్కపిల్లను కొనేటప్పుడు దాని ధర అడిగేవారే గానీ దాని నెల తిండి ఖర్చు అడిగేవారు నాకు అరుదుగా కనిపిస్తారు. ఇంకా కొననివారు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ వీధిలోనే పుట్టిన నాటు పిల్లను తెచ్చుకోండి. మన ఎండకు, మన జేబుకు అంతకన్నా నప్పేది లేదు.

ఇక చిన్న చిన్న ప్రశ్నలు.

రోజుకు ఎన్నిసార్లు పెట్టాలి? – కాకినాడ
మూడు నెలల వరకు నాలుగు సార్లు, ఆరు నెలల వరకు మూడు, ఆ తరువాత ఎప్పటికీ రెండు సార్లు. ఒకేసారి గిన్నెడు పెట్టే అలవాటు పెద్ద జాతులకు ప్రమాదం. లోతైన ఛాతీ ఉన్న కుక్కల్లో కడుపు ఉబ్బి మెలిపడే జబ్బు ఉంది. గంటల్లో ప్రాణం తీస్తుంది. తిన్న వెంటనే పరుగులు పెట్టించవద్దు. పొట్ట ఉబ్బి, కక్కు రాకుండా ఊరికే ఓకరిస్తుంటే అర్ధరాత్రి అయినా డాక్టరును లేపండి.

పిల్లల ఆహారం నుంచి పెద్ద కుక్కల ఆహారానికి ఎప్పుడు మార్చాలి? – ఖమ్మం
లాబ్రడార్, షెపర్డ్ లాంటివాటికి 12 నుంచి 18 నెలల మధ్య, గ్రేట్ డేన్ లాంటి భారీ జాతులకు 18 నుంచి 24 నెలల మధ్య. ఏడాది నిండిందని పుట్టినరోజు నాడు మార్చేయనక్కర్లేదు. ఏ ఆహారం మార్చినా వారం పది రోజుల మీద కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చండి. ఒక్కరోజులో మారిస్తే విరేచనాలు ఖాయం. మీ కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి ఉంటే ఆ రోజు నుంచే దాని అవసరం తగ్గుతుంది, కొలత తగ్గించండి.

పచ్చి గుడ్డు పగలగొట్టి పోస్తే జుట్టు మెరుస్తుందా? – అనంతపురం
పచ్చి తెల్లసొనలో ఉండే అవిడిన్ బయోటిన్ అనే విటమిన్‌ను పట్టేస్తుంది. జుట్టుకు కావలసింది ఆ బయోటినే. ఉడికించి పెట్టండి, వారానికి రెండు మూడు చాలు.

ఎనిమిది నెలల జర్మన్ షెపర్డ్. ఒక వారం ముందుకాలు, మరో వారం వెనుక కాలు కుంటుతోంది. దెబ్బ తగలలేదు. కాల్షియం తక్కువేనా? – నెల్లూరు
మళ్లీ కాల్షియమేనా! కాలు మార్చి కాలు కుంటడం ఆ వయసు షెపర్డ్ మగపిల్లల్లో పానోస్టియైటిస్ అనే ఎముక నొప్పికి గుర్తు. పొడుగాటి ఎముక మధ్యలో నొక్కితే మూలుగుతుంది. ఎక్స్‌రేతో రూఢి చేసుకోండి. నొప్పి మందుతో, విశ్రాంతితో గడిచిపోయే జబ్బు అది. మనుషుల నొప్పి బిళ్లలు మాత్రం ఒక్కటీ వేయవద్దు.

మిగిలిన చేపల పులుసు అన్నంలో కలిపి పెడితే మా రాట్‌వీలర్ గిన్నె నాకేస్తుంది. పెట్టవచ్చా? – భీమవరం
వద్దు. అందులోని ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. ఉడికినా, వేగినా వాటి గుణం పోదు. ముళ్లు గొంతులో గుచ్చుకునే భయం అదనం. ఉప్పూ కారమూ వేయకుండా రెండు ముక్కలు విడిగా ఉడికించి, ముళ్లు ఏరి పెట్టండి. పులుసు మీరే కానివ్వండి. మర్నాటికి ఇంకా బాగుంటుంది కూడా.